బాల్ మెషీన్‌తో టెన్నిస్ క్లబ్బుకి ఆదాయం: ఖాళీ గంటలు అమ్ముకునే పద్ధతి

బెజవాడలో పొద్దున 6 గంటలకి ఏ టెన్నిస్ క్లబ్బుకి వెళ్లినా కోర్టు దొరకదు. అదే క్లబ్బుకి 9 గంటలకి వెళ్తే వాచ్‌మన్, ఆరేసిన నెట్టు, నీడలో పడుకున్న కుక్క తప్ప ఎవరూ ఉండరు. సాయంత్రం 6 నుంచి 9 దాకా మళ్లీ కిటకిట. మట్టి కోర్టుకి నీళ్లు కొట్టి రోలర్ తిప్పే మనిషి జీతం, నెట్టు, లైట్లు, గడ్డి కోత అన్నీ రోజు మొత్తానికి పడతాయి, డబ్బు మాత్రం ఆ ఐదారు గంటల్లోనే రావాలి. ఎదుటి ఆటగాడి బదులు బంతులు విసిరే బాల్ మెషీన్ పనికొచ్చేది మిగతా గంటల్లో.

చాలా చోట్ల జరిగేది వేరు. కమిటీలో ఒకరు ఉత్సాహంగా మెషీన్ తెప్పిస్తారు, "గంటకి ఇంత" అని బోర్డు కడతారు. మొదటి నెల అందరూ సరదాగా వాడతారు. మూడో నెలకి అది స్టోర్ రూమ్‌లో విరిగిన కుర్చీల పక్కకి చేరుతుంది. గంట అద్దెకి తీసుకున్నవాడికి ఆ గంటలో ఏం చేయాలో తెలియదు, సగం టైము బంతులు ఏరుకోడానికే పోతుంది, మళ్లీ రాడు. కాబట్టి మెషీన్‌ని అద్దెకి ఇవ్వొద్దు. మొదలు, చివర ఉన్న కోర్సు అమ్మండి.

ముందు గంటల లెక్క

రెండు వారాలు ఒక నోట్‌బుక్‌లో ప్రతి కోర్టుకీ ప్రతి అరగంటా ఎవరున్నారో రాయించండి. జ్ఞాపకం మీద ఆధారపడితే "ఎప్పుడూ ఖాళీ ఉండదు" అనే సమాధానమే వస్తుంది, ఎందుకంటే చెప్పేవాళ్లంతా రద్దీ వేళ వచ్చేవాళ్లే.

ఖాళీ గంటలన్నీ అమ్ముడుపోయే గంటలు కావు. మే నెలలో ఇక్కడ పగటి ఎండ 45 డిగ్రీల దాకా పోతుంది, ఉదయం 9 నుంచి సాయంత్రం 5 దాకా కోర్టు మీద ఎవర్నీ నిలబెట్టకూడదు. మామూలు రోజుల్లో నికరంగా పనికొచ్చేవి మూడు జాగాలు. పిల్లల్ని స్కూలుకి పంపి వచ్చే ఆడవాళ్లకి ఉదయం 8:30 నుంచి 10. బడి అయ్యాక పిల్లలకి సాయంత్రం 4:30 నుంచి 6. రాత్రి 9 తర్వాత పెద్దవాళ్లకి. సూర్యారావుపేటలో ప్రాక్టీసు పెట్టుకున్న డాక్టర్లు, బీసెంట్ రోడ్డు వైపు కొట్టు కట్టేసి వచ్చే వ్యాపారులు ఆ వేళకి గానీ తీరుబడి కారు.

ఉదయం డబుల్స్ పెద్దమనుషుల కోర్టు జోలికి మాత్రం పోవద్దు. ఇరవై ఏళ్లుగా 5:45కి వచ్చి ఆడుతున్న నలుగురిని మెషీన్ కోసం పక్క కోర్టుకి జరిపితే, ఆ వచ్చే కాస్త డబ్బూ తర్వాతి జనరల్ బాడీ మీటింగులో వడ్డీతో సహా పోతుంది.

ఇంకో పని కూడా ముందే చూసుకోవాలి. క్లబ్బు 2001 నాటి ఆంధ్రప్రదేశ్ సొసైటీల చట్టం కింద రిజిస్టరై ఉంటే, సభ్యులు కానివాళ్లకి డబ్బు తీసుకుని కోర్టు ఇవ్వొచ్చో లేదో బైలాలో ఉంటుంది. లేకపోతే తీర్మానం చేయించండి. అది లేకుండా మొదలుపెడితే గిట్టనివాడు ఒక్క ఉత్తరంతో ఆపేయగలడు.

ఎలాంటి మెషీన్

క్లబ్బుకి ఎదురెదురుగా తిరిగే రెండు చక్రాల రకం సరిపోతుంది. బంతి ఆ రెండింటి మధ్య నలిగి బయటికి దూసుకొస్తుంది. పై చక్రం వేగంగా తిరిగితే టాప్‌స్పిన్ (బంతి ముందుకి దొర్లుతూ వస్తుంది), కింది చక్రం వేగంగా తిరిగితే స్లైస్ (వెనక్కి తిరుగుతూ వస్తుంది). కొనేముందు ఇవి చూడండి: హాపర్‌లో, అంటే బంతులు పోసే తొట్టిలో, 120కి తగ్గకుండా బంతులు పట్టాలి, బంతికీ బంతికీ మధ్య విరామం 2 నుంచి 10 సెకన్ల దాకా మార్చగలగాలి, తల పక్కలకి తిరుగుతూ బంతులు చెదరగొట్టాలి, రిమోట్ ఉండాలి. రిమోట్ లేని మెషీన్ చవగ్గా వచ్చినా వద్దు, దాని కారణం భద్రత దగ్గర చెబుతాం.

గంటకి 140 కిలోమీటర్ల వేగం ఉందని ఎక్కువ డబ్బు పెట్టకండి. క్లబ్బులో ఎవరూ 100 దాటించరు. ఆ డబ్బు బంతులకి పెట్టండి.

అమ్మేవాణ్ణి అడగాల్సింది విడిభాగాల సంగతి. 12 వోల్టుల బ్యాటరీ, బేరింగులు, బోల్టులు ఆటోనగర్‌లో సాయంత్రానికల్లా దొరుకుతాయి. కంట్రోల్ బోర్డు, రిమోట్, రబ్బరు చక్రాలు దొరకవు. ఆ మూడూ మన దేశంలో ఎవరి దగ్గర స్టాకు ఉన్నాయి, ఎన్నాళ్లలో వస్తాయి అన్నది కాగితం మీద రాయించుకోండి. ఒక అదనపు రిమోట్, ఒక జత చక్రాలు మెషీన్‌తో పాటే కొనేయడం మంచిది.

బంతులు: డబ్బు కారిపోయేది ఇక్కడే

మామూలు డబ్బా బంతుల్లో లోపల గాలి ఒత్తిడి ఉంటుంది. డబ్బా తీసిన రోజు నుంచి అది కారిపోతూ ఉంటుంది. ఒత్తిడి లేని రకం బంతులు గోడ మందంగా ఉండటం వల్ల ఎగురుతాయి, నెలల తరబడి బౌన్సు పోదు. మెషీన్‌కి ఇవే మేలు. వాటితో చిక్కు ఏమిటంటే తగిలినప్పుడు గట్టిగా ఉంటాయి. మోచేతి నొప్పి ఉన్నవాళ్లకి, యాభై దాటినవాళ్లకి రాకెట్ తీగల బిగువు కాస్త తగ్గించుకోమని ముందే చెప్పండి.

హాపర్‌లో కొత్త బంతి, పాత బంతి, బొచ్చు ఊడిన బంతి కలిపి పోయడం అన్నిటికన్నా పెద్ద తప్పు. చక్రాల పట్టు ఒక్కో బంతి మీద ఒక్కోలా ఉంటుంది. అదే సెట్టింగులో ఒకటి కోర్టు మధ్యలో ఉండే సర్వీస్ లైన్ దగ్గర పడితే ఇంకోటి కోర్టు చివరి గీత, అంటే బేస్‌లైన్ అవతల పడుతుంది. ఆడేవాడు మెషీన్ చెడిపోయిందంటాడు. చెడింది బంతుల గుట్ట. 120 బంతులు ఒకేసారి కొని, ఒకేసారి మార్చండి. ప్రతి బంతి మీదా చెరగని ఇంకుతో ఒక గుర్తు పెట్టండి, లేకపోతే నెలలో ఇరవై బంతులు సభ్యుల కిట్ బ్యాగుల్లోకి నడుచుకుంటూ వెళ్లిపోతాయి.

బౌన్సు తూచడానికి గోడ మీద రెండు గీతలు చాలు. 254 సెంటీమీటర్ల ఎత్తు నుంచి సిమెంటు నేల మీద వదిలితే నిబంధనల ప్రకారం బంతి 135 నుంచి 147 సెంటీమీటర్ల మధ్య ఎగరాలి. 120 కూడా రాకపోతే ఆ బంతిని మెషీన్ నుంచి తీసేసి సర్వీసు ప్రాక్టీసు బుట్టలో వేయండి.

పిల్లల బంతుల విషయంలో ఒక జాగ్రత్త. ఎర్ర బంతి 7 నుంచి 8 సెంటీమీటర్ల వ్యాసం ఉంటుంది, మామూలు బంతి 6.86 దాటదు. ఎర్ర బంతి మెషీన్ గొంతులో ఇరుక్కుంటుంది. నారింజ, ఆకుపచ్చ చుక్కల బంతులు వెళ్తాయి, కానీ వాటిని దేనికది విడిగా వాడాలి.

ఎనిమిది సెషన్ల కోర్సు

1920ల్లో ఫ్రెంచ్ ఛాంపియన్ రెనే లకోస్త్ తన ప్రాక్టీసు కోసం బంతులు విసిరే యంత్రం తయారు చేసుకున్నాడు. అలసిపోకుండా, విసుక్కోకుండా ఒకే బంతిని వందసార్లు ఇచ్చేవాడు ఆయనకి దొరకలేదు. మనం అమ్మేదీ ఆ వందసార్లనే. కాకపోతే వాటికి ఒక వరస ఉండాలి.

సెషన్ 45 నిమిషాలు. 5 నిమిషాల వార్మప్. తర్వాత 80 బంతులు, 5 సెకన్లకి ఒకటి చొప్పున 6 నిమిషాల 40 సెకన్లలో అయిపోతాయి. ఏరడానికి మనిషి తోడుంటే 3 నిమిషాలు. ఇలా నాలుగు రౌండ్లు, అంటే 320 బంతులు. ఏరే మనిషి లేకపోతే ఒక్కడికే 7, 8 నిమిషాలు పడుతుంది, మూడో రౌండు బంతులు ఏరుతుండగానే టైము అయిపోతుంది. "గంట అద్దె" పద్ధతి చచ్చేది సరిగ్గా ఆ మూడో రౌండులోనే.

మొదటి సెషన్ మొదటి పదినిమిషాల్లో పరీక్ష పెట్టండి. సర్వీస్ లైన్‌కీ బేస్‌లైన్‌కీ మధ్య 18 అడుగులు. అందులో వెనక 9 అడుగుల్ని సుద్దతోనో కోన్లతోనో గుర్తు పెట్టండి. 20 ఫోర్‌హ్యాండ్లు కొట్టిస్తే ఎన్ని ఆ పట్టీలో పడ్డాయో కార్డు మీద రాయండి. ఎనిమిదో సెషన్‌లో అదే పరీక్ష, అదే సెట్టింగు. 6 నుంచి 11కి వచ్చినవాడు రెండో కోర్సుకి అడక్కుండానే డబ్బు కడతాడు.

మధ్యలో వరస ఇలా ఉంచొచ్చు. మొదటి రెండు సెషన్లు ఫోర్‌హ్యాండ్, బ్యాక్‌హ్యాండ్ విడివిడిగా. మూడోది ఒకటి అటు, ఒకటి ఇటు. నాలుగోది ముందుకొచ్చి కొట్టి వాలీ (బంతి నేల తాకకముందే కొట్టడం). ఐదోది లాబ్ (తల మీదుగా ఎత్తుగా వచ్చే బంతి) మీద స్మాష్ (పైనుంచి గట్టిగా కొట్టడం), దీనికి 40 బంతుల రౌండ్లు చాలు, భుజం పోతుంది. ఆరు, ఏడు మెషీన్ తల తిప్పుతూ ఎటు వస్తుందో తెలియని బంతులు. సర్వీస్ రిటర్న్ కోర్సు మాత్రం అమ్మకండి. ఎదుటివాడు బంతి పైకి విసరడం, భుజం తిప్పడం చూసి మనం కదులుతాం, మెషీన్‌లో అవేవీ కనిపించవు.

సెట్టింగులు మార్కర్ (సభ్యులతో ఆడుతూ ఆట నేర్పే క్లబ్బు మనిషి) చేతిలో కాగితం మీద ఉండాలి. కొత్తవాళ్లకి మెషీన్‌ని సర్వీస్ లైన్ దగ్గరికి తెచ్చి గంటకి 40, 50 కిలోమీటర్లు, 6, 7 సెకన్ల విరామం. నాలుగైదేళ్లు ఆడినవాళ్లకి బేస్‌లైన్ నుంచి మీటరు లోపల పెట్టి 60 నుంచి 75, విరామం 5 సెకన్లు. టోర్నమెంట్ పిల్లలకి 85 నుంచి 100, విరామం మూడు సెకన్లకి కాస్త పైన. వేగం తగ్గించినప్పుడల్లా తల ఎత్తు పెంచాలి, లేకపోతే బంతులన్నీ నెట్టుకే. నెట్టు మధ్యలో 91 సెంటీమీటర్లు ఉంటుంది, బంతి దాని మీద మరో మీటరు ఎత్తున దాటాలి.

77 రూపాయల పాఠం

కింద అంకెలు ఉదాహరణకి వేసుకున్నవే. మీ బిల్లులు పెట్టి మళ్లీ కట్టుకోండి, పద్ధతి మాత్రం ఇదే.

మెషీన్ 2,00,000, ఆయుష్షు ఐదేళ్లు అనుకుంటే నెలకి 3,333. బంతులు 120, ఒక్కోటి 120 రూపాయలు, ఏడాదికి రెండుసార్లు మారిస్తే నెలకి 2,400. బ్యాటరీ, విడిభాగాలకి నెలకి 1,000. కోర్సు ధర 2,000, అంటే సెషన్‌కి 250. రోజుకి మూడు స్లాట్లు, నెలకి 24 రోజులు, మొత్తం 72. అందులో 60 శాతం నిండితే 43 సెషన్లు, రాబడి 10,750.

ఖర్చు: పైన చెప్పిన మూడూ కలిపి 6,733. మార్కర్‌కి సెషన్‌కి 80 చొప్పున 3,440. లైట్లకి 500. మొత్తం 10,673. చేతిలో మిగిలేది 77 రూపాయలు.

ఒక్కొక్కరికి విడిగా స్లాట్లు అమ్మడం మెషీన్ ఖర్చు రాబట్టడానికే సరిపోతుందని దీని అర్థం. లాభం గ్రూపు బ్యాచ్‌లో ఉంది. నలుగురు, గంటసేపు, తలకి 200. వారానికి మూడు రోజులు, నెలకి 12 సెషన్లు: రాబడి 9,600. మార్కర్‌కి సెషన్‌కి 200 చొప్పున 2,400. 400 వాట్ల ఎల్ఈడీలు ఎనిమిది గంటసేపు వెలిగితే 3.2 యూనిట్లు, యూనిట్ 10 రూపాయలనుకుంటే 32, పన్నెండుసార్లకి 384. మిగిలేది 6,816. అలాంటి బ్యాచ్‌లు రెండు నిలిస్తే 13,632. బంతులు త్వరగా అరుగుతాయి కాబట్టి అందులో ఓ 1,500 పక్కన పెట్టండి.

యూనిట్ రేటుకి మీ ఏపీసీపీడీసీఎల్ కరెంటు బిల్లే చూడండి, ఏ కేటగిరీలో మీటరు ఉందో దాన్ని బట్టి లెక్క మారిపోతుంది. జీఎస్టీ సంగతీ మర్చిపోవద్దు. సేవల మీద ఏడాది టర్నోవర్ 20 లక్షలు దాటితే రిజిస్ట్రేషన్ తప్పదు. క్లబ్బు అప్పటికే రిజిస్టరై ఉండి 18 శాతం పడితే, 250 రూపాయల ధరలో సుమారు 38 పన్నుకే పోతుంది. పైన 77 మిగిలిందన్న లెక్క అప్పుడు నష్టంలోకి దిగుతుంది. ధర బోర్డు రాసేముందే ఆడిటర్‌తో మాట్లాడండి.

గ్రూపుని నడిపే తీరు: 8 నిమిషాల వార్మప్, తర్వాత ఆరు రౌండ్లు. 80 బంతులు, 4 సెకన్లకి ఒకటి, 5 నిమిషాల 20 సెకన్లు. ఇద్దరు వంతులవారీగా ఒక్కో బంతి కొట్టి వెనక్కి తిరిగొస్తారు. మిగతా ఇద్దరు కోర్టు బయట ఫుట్‌వర్క్ చేస్తారు. మెషీన్ ఆగాక నలుగురూ కలిసి ఏరితే 3 నిమిషాలు. జంటలు మారతాయి. గంటలో ఒక్కొక్కరికి 120 బంతులు, చెమటలు కారేంత పని. ఐదో మనిషిని చేర్చుకోవాలనే ఆశ ఎప్పుడూ ఉంటుంది. నిలబడి చూసే టైము పెరిగిందంటే బ్యాచ్ విరుగుతుంది, వద్దు.

మార్కర్‌ని కలుపుకోకపోతే

మెషీన్ వస్తే తన పని పోతుందని మార్కర్ భయపడతాడు, అందులో తప్పులేదు. అతను మనసు పెట్టకపోతే రిమోట్ "పనిచేయదు", బ్యాటరీ "ఛార్జ్ అవలేదు". జీతం కాకుండా సెషన్‌కి ఇంత అని ఇవ్వండి. రెండో కోర్సు కట్టిన ప్రతి మనిషికీ అదనంగా 100 ఇవ్వండి. మెషీన్ బంతులు వేస్తుంటే అతను చేతులు కట్టుకుని నిలబడకుండా, ఆడేవాడి పక్కన నిలబడి రాకెట్ ముందే వెనక్కి తీయమని చెప్పాలి. అతని మాటకే జనం డబ్బు కడతారు, ఇనుప డబ్బాకి కాదు.

డబ్బు మాత్రం క్లబ్బు ఖాతా యూపీఐ క్యూఆర్ మీదే పడాలి, మార్కర్ ఫోనుకి పోకూడదు. సెషన్ మొదలవకముందు కార్డు మీద తేదీ, సంతకం. నెలాఖరున కార్డుల సంతకాలు, ఖాతాలో పడిన డబ్బు, మెషీన్ తాళం ఇచ్చిన రిజిస్టరు మూడూ పక్కపక్కన పెట్టి చూడండి.

కోర్సు గడువు ఐదు వారాలు. మూడు గంటల ముందు చెప్తే సెషన్ పోదు, వాన వల్ల పోతే ఆ నష్టం క్లబ్బు ఖాతాలోనే. సంక్రాంతికి సగం ఊరు పల్లెలకి పోతుంది, దసరా నవరాత్రుల్లో దుర్గమ్మ కొండ కింద ట్రాఫిక్ దాటి ఎవరూ రారు. ఆ రెండు వారాలు గడువులో లెక్కపెట్టకండి. ఉచిత ట్రయల్ పెడితే గుంపు వస్తుంది, కొనేవాళ్లు రారు. 15 నిమిషాలకి 50 రూపాయలు పెట్టి, కోర్సులో చేరితే అది తగ్గించండి.

మెషీన్ మొరాయించినప్పుడు

బంతులు ఒక్కసారిగా దగ్గరగా పడటం మొదలైతే మోటారుని అనుమానించకండి. ముందు చక్రాల మీద వేలు పెట్టి రుద్ది చూడండి, మెషీన్ ఆపేశాకే. పసుపు పీచు, ఎర్ర దుమ్ము కలిసి నున్నటి పొరలా కట్టి ఉంటాయి. తడిగుడ్డతో తుడిచి, అద్దంలా మెరుస్తుంటే సన్న గరుకు కాగితంతో ఒక్కసారి రుద్దితే పట్టు తిరిగొస్తుంది. మట్టి కోర్టుల్లో ఇది వారం వారం చేయాల్సిన పని. డిసెంబరు, జనవరి తెల్లవారుజామున ఇదే లక్షణం మంచు వల్ల వస్తుంది. తడిసిన బంతి చక్రాల మధ్య జారుతుంది, పైగా ఉబ్బి ఇరుక్కుంటుంది కూడా. ఎండెక్కేదాకా మెషీన్ తీయొద్దు. బంతులు రాత్రి కోర్టు పక్కనే వదిలేయొద్దు.

బంతి ఇరుక్కుంటే హాపర్ అడుగున వేపాకో పుల్లో ఉందేమో చూడండి. తరచూ ఇరుక్కుంటుంటే నిండా పోయడం మానండి.

బ్యాటరీ ఆడిన రాత్రే ఛార్జింగ్ పెట్టాలి. లెడ్ యాసిడ్ రకాన్ని తరచూ సగానికన్నా కిందికి దించితే, ఖాళీగా వదిలేస్తే దాని ఆయుష్షు తగ్గిపోతుంది. రేకుల షెడ్డు కింద ఉంచడం ఇంకా ఘోరం. వేడి 10 డిగ్రీలు పెరిగినప్పుడల్లా ఆయుష్షు సుమారు సగానికి పడిపోతుందన్నది ఆ బ్యాటరీల మోటు లెక్క. స్లాబు ఉన్న ఆఫీసు గదిలో ఓ మూల చాలు. నేరుగా కరెంటు మీద నడిపితే వైరు కోర్టు కంచె వెంబడి పోవాలి, అడ్డంగా కాదు. ఆ లైనుకి 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే లైను ఆపేసే స్విచ్చి) తప్పనిసరి, తడి నేల మీద చెమట కాళ్లతో తిరిగే చోటు అది.

దెబ్బలు తగలకుండా

రిమోట్‌తో మెషీన్ ఆపి, "ఆగింది" అని గట్టిగా అన్నాకే ఎవరైనా నెట్టు దాటాలి. ఏరుతూ వంగిన మనిషి మొహం సరిగ్గా మెషీన్ నోటి ఎత్తులో ఉంటుంది, రిమోట్ లేని మెషీన్ వద్దన్నది అందుకే. ఇరుక్కున్న బంతి కోసం చెయ్యి పెట్టేముందు స్విచ్చి ఆపి, చక్రాలు పూర్తిగా నిలిచేదాకా ఆగాలి. చున్నీ, విరబోసిన జుట్టు మెషీన్ దగ్గరికి రాకూడదు. ఆడవాళ్ల బ్యాచ్‌కి మొదటి రోజే ఈ మాట చెప్పండి. కాళ్ల దగ్గర పడి ఉన్న బంతుల మీద మడమ తిరగడం మెషీన్ దెబ్బకన్నా ఎక్కువసార్లు జరుగుతుంది. కొట్టేవాడి వెనక, పక్కల ఉన్న బంతుల్ని రౌండు మధ్యలోనైనా ఆపి తన్నేయాలి.

ఎండాకాలం క్యాంపు

ఏప్రిల్ చివర నుంచి జూన్ రెండో వారం దాకా పిల్లలకి బడి ఉండదు. ఏడాదిలో మెషీన్ ఎక్కువ సంపాదించేది ఈ ఆరేడు వారాల్లోనే, అదీ ఉదయం 5:30 నుంచి 7:30 మధ్య, డబుల్స్ పెద్దమనుషుల కోర్టు వదిలేసి వేరే కోర్టులో. ఇక్కడ మెషీన్‌కి విడిగా ఫీజు వద్దు. కోర్టుని మూడు చోట్లుగా విడదీయండి: ఒక మూల సర్వీసు, కంచె బయట ఫుట్‌వర్క్, ఒక సగంలో మెషీన్. సర్వీసు చేసేవాళ్లు మెషీన్ వైపు నుంచి మాత్రం కొట్టకూడదు. ఆరుగురికి ఒక కోచ్ చొప్పున నడిచే క్యాంపు, మెషీన్ ఒక చోటు చూసుకుంటే తొమ్మిది మందితో నడుస్తుంది. ఆ ముగ్గురి ఫీజు మెషీన్ ఆదాయం కింద రాయండి, లేకపోతే ఏడాది చివర కమిటీకి చూపించడానికి అంకె ఉండదు.

మూడు నెలలకోసారి రెండే చూడండి: స్లాట్లు ఎంత శాతం నిండాయి, కోర్సు ముగించినవాళ్లలో ఎందరు మళ్లీ కట్టారు. స్లాట్లు నిండక మళ్లీ కట్టేవాళ్లు ఎక్కువుంటే ఊళ్లో తెలియలేదని, ప్రచారం పెంచండి. స్లాట్లు నిండి సగం మంది కూడా తిరిగి రాకపోతే ధర తగ్గించి లాభం లేదు, ఓ రోజు చెప్పకుండా వెళ్లి 45 నిమిషాలు బెంచీ మీద కూర్చుని ఎన్ని రౌండ్లు పడ్డాయో లెక్కపెట్టండి.